మామ్మ మంచం దగ్గర ఆగిన గోడ

వరద తగ్గిన ఊళ్ళో ఇళ్ళు బాగుచేయడానికి సెలవుల్లో సేవా శిబిరం పెట్టారు. కాలేజీ బస్సు ఆ వీధి మొదట్లో ఆగేసరికి లోపలున్న వాళ్ళంతా దారిపొడవునా పాటలు పాడి గొంతులు పోగొట్టుకుని ఉన్నారు. సారు బస్సు మెట్టు మీద నిలబడి జట్లను విడదీశారు. ఒక జట్టుకి వంటగది కప్పు, ఒక జట్టుకి తలుపులు, ఇంకో జట్టుకి నేల. చివరికి మిగిలిన ముగ్గురికీ ఒక గోడ దక్కింది.

ఆ ముగ్గురిలో మొదటిది తాపీ. ప్రశ్న పూర్తయ్యేలోపు జవాబు చెప్పేసే పిల్ల. టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునే పిల్ల. "కాస్త తాపీగా అమ్మా" అని సారు క్లాసులో ఒకసారి అన్నందుకు అదే పేరుగా స్థిరపడిపోయింది. చదివేది సివిల్ ఇంజినీరింగే అయినా అప్పటిదాకా ఒక్క ఇటుకని కూడా చేత్తో ముట్టుకోలేదు. రెండోవాడు సున్నం. మొదటి పరీక్షలో సున్న తెచ్చుకుంటే అందరూ సున్నా అని ఏడిపించారు. "ఎలాగూ వచ్చింది కదా, పక్కన ఇంకో సున్న పెట్టుకుంటే సున్నం అవుతాను, కనీసం గోడకైనా పనికొస్తాను" అని వాడే పేరు మార్చుకున్నాడు. మూడోది నిచ్చెన. క్లాసులో అందరికన్నా పొడుగు. నవ్వు మొదలైందంటే ఆపుకోవడం ఆ పిల్ల తరం కాదు. పక్కన ఉన్నవాళ్ళ తరమూ కాదు.

వాళ్ళకి చూపించిన ఇల్లు పాతది, పొడుగ్గా ఉంది. వీధి వైపు పక్కపక్కనే రెండు గుమ్మాలు. కప్పు బరువంతా పక్క గోడల మీదే ఉంది. ఇంటిని రెండు వాటాలు చేస్తూ మధ్యలో కట్టుకున్న అడ్డుగోడ మాత్రం వరద నీటికి నాని, కరిగి, కూలిపోయింది. శిథిలాలు ఎత్తేశాక నేల మీద గీతలాంటి గుర్తు మిగిలింది. సరిగ్గా ఆ గీత మీద అడ్డంగా ఒక మంచం వేసి ఉంది. మంచం మీద ఒక ముసలావిడ కాళ్ళు చాపుకుని కూర్చుని వీళ్ళని ఎగాదిగా చూసింది.

"గోడ కట్టేవాళ్ళు మీరేనా?"

"మేమేనండీ. మీరు కాస్త లేస్తే..." అంది తాపీ.

"ఎందుకు లేవడం? గోడ నా దాకా రానీ, అప్పుడు చూద్దాం. నన్ను మామ్మా అనండి. అంకుల్ ఆంటీ అంటే ఈ ఇంట్లో ఎవరికీ పలకబుద్ధి కాదు. నా కోడళ్ళు మీకు పెద్దమ్మా, పిన్నీ. నా కొడుకులిద్దరూ డ్యూటీ నుంచి వచ్చాక వాళ్ళని పెదనాన్నా బాబాయీ అనండి. అంతే."

పెద్దకోడలు, చిన్నకోడలు అప్పటికే టీ గ్లాసులతో వచ్చి నిలబడ్డారు. ఒకరు కుడి వాటాలోంచి, ఒకరు ఎడమ వాటాలోంచి వచ్చారు గానీ టీ మాత్రం ఒకే గిన్నెలోది.

మేస్త్రి కాసేపట్లో వచ్చాడు. ఆ వీధికంతా ఆయనే మేస్త్రి. చెయ్యి ఎంత ఆడుతుందో నోరు అంతకు రెట్టింపు ఆడుతుంది. ఇసుకా సిమెంటూ కలిపి మాలు ఎలా చేయాలో, దారం ఎలా కట్టాలో, తూకపుగుండు ఎలా వేలాడదీయాలో చూపించాడు. "నేను కట్టిన గోడ చూసి మనుషులు నడుం నిటారుగా పెట్టుకుంటారు" అని చెప్పి మొదటి వరస పెట్టి, పక్కింట్లో ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు. రెండో వరస నుంచి భారమంతా తాపీ మీద పడింది. ఇటుక పెట్టడం, మట్టం చూడడం, తియ్యడం, మళ్ళీ పెట్టడం. సున్నం తట్టలో మాలు మోసుకొచ్చేసరికి సగం వాడి చొక్కా మీదే ఉండేది. నిచ్చెన ఇటుకలు అందిస్తూ నవ్వేది.

"ఏముందే అంత నవ్వడానికి?" అంది తాపీ.

"నువ్వు ఇటుకతో మాట్లాడుతున్నావు. 'కొంచెం జరుగు తల్లీ' అన్నావు ఇందాక."

మధ్యాహ్నం దాటాక అన్నదమ్ములు డ్యూటీ దిగి వచ్చారు. అన్న బస్సు డ్రైవరు, పొట్టిగా, గట్టిగా ఉంటాడు. తమ్ముడు అదే బస్సుకి కండక్టరు, సన్నగా, గుమ్మంలో తల వంచాల్సినంత పొడుగు. ఒకే బస్సులోంచి దిగినవాళ్ళు చెరో గుమ్మంలోంచి లోపలికి వచ్చారు. మధ్యలో గోడ లేకపోయినా ఉన్నట్టే చెరో వైపు తిరిగి కూర్చున్నారు.

"మంచినీళ్ళ కుండ ఆ వైపు ఉన్నట్టుంది" అన్నాడు డ్రైవరు కప్పు వైపు చూస్తూ.

"అవసరం ఉన్నవాళ్ళు తీసుకోవచ్చు" అన్నాడు కండక్టరు నేల వైపు చూస్తూ.

చిన్నకోడలు కిమ్మనకుండా గ్లాసుతో నీళ్ళు ముంచి బావగారికి ఇచ్చింది. నిచ్చెన మాలు కలిపే పార పట్టుకుని బయటికి పరుగెత్తింది. బయట నుంచి నవ్వు వినిపించింది.

అసలు సంగతి సాయంత్రం మామ్మ చెప్పింది. చాలా ఏళ్ళ కిందట ఒక వానలో కండక్టరు ఒక స్టాపులో దిగి, ఎవరో ముసలాయన బస్తా దించడానికి సాయం చేస్తున్నాడు. విజిల్ సీటు మీద వదిలేశాడు. ఏ ప్రయాణికుడో ఆ విజిల్ తీసి రెండుసార్లు ఊదాడు. ఒకసారంటే ఆపమని, రెండుసార్లంటే పోనిమ్మని. అన్న పోనిచ్చాడు. తమ్ముడు టికెట్ల సంచీ నెత్తిన పెట్టుకుని, తర్వాతి ఊరి దాకా వానలో నడిచాడు.

"చిన్నాడేమో అద్దంలో చూసుకోవద్దా అంటాడు. పెద్దాడేమో విజిల్ మెడలో ఉండాలి గానీ సీటు మీద ఎందుకుంది అంటాడు. ఆ మాట మీద ఈ గోడ లేచింది. అప్పట్నుంచి బస్సులో కూడా విజిలే. 'రైట్ రైట్' అన్నా మాట కిందికి వస్తుందని చిన్నాడు అదీ అనడు."

"మరి మీరు ఏ వైపు ఉండేవారు మామ్మా?" అడిగాడు సున్నం.

"వంతులు. నెల అటు, నెల ఇటు. ఇప్పుడు హాయిగా మధ్యలో ఉన్నాను. ఒకరోజు తల పెద్దాడి వైపు, మర్నాడు చిన్నాడి వైపు. ఎవరికీ అన్యాయం లేదు."

తాపీకి ఇవేమీ పట్టలేదు. ఆమె మనసంతా గోడ మీదే ఉంది. అది ఆమె జీవితంలో కట్టే మొదటి గోడ. గుండు వేస్తే దారం వెంట్రుకవాసి కూడా పక్కకి పోకూడదు. వీధి వైపు నుంచి కొంత, పెరటి వైపు నుంచి కొంత కట్టుకుంటూ వచ్చి మంచం దగ్గర కలపాలని అనుకుంది.

మర్నాడు పొద్దున్నే చిన్నకోడలు ఆమెని పెరట్లోకి పిలిచింది.

"ఏమ్మా, వంటగది దగ్గర ఒక చిన్న సందు వదలగలవా? పెద్దది కాదు. గిన్నె పట్టేంత."

"గోడలో సందెందుకు పిన్నీ?"

"అక్కకి నా చేతి కూర ఇష్టం. ఇదివరకు వీధిలోంచి చుట్టూ తిరిగి తీసుకెళ్ళేదాన్ని. వెళ్ళేసరికి చల్లారిపోయేది. నేను అడిగానని మాత్రం చెప్పకు."

తాపీ కాదనలేక సందు వదిలింది. ఆ సందు చుట్టూ ఇటుకలు ఇంకా సర్దుతుండగానే పెద్దకోడలు కొంగు సవరించుకుంటూ వచ్చింది.

"ఇదుగో, ఈ ఎత్తులో ఒక కిటికీ. మొహం పట్టేంత ఉంటే చాలు. గాలి కోసం."

"గాలి కోసమైతే పై నుంచి వస్తుంది కదా పెద్దమ్మా. గోడ కప్పు దాకా పోదు."

పెద్దకోడలు మూతి ముడిచింది. "గాలికి నోరుందా, పొద్దున్నించి సాయంత్రం దాకా కబుర్లు చెప్పడానికి? నువ్వు కిటికీ పెట్టు. మా చెల్లికి చెప్పకు."

సాయంత్రం కండక్టరు వచ్చాడు. గొంతు సవరించుకుని, చుట్టూ చూసి, తన నోటి ఎత్తులో గోడకి వేలు ఆనించాడు.

"ఇక్కడొక కన్నం కావాలమ్మా. పొద్దున డ్యూటీకి లేవాలి కదా, ఇక్కణ్ణుంచి విజిల్ వేస్తే అటు పడుకున్నవాళ్ళకి వినిపించాలి. లేవకపోతే బస్సు లేటు. బస్సు కోసం చెప్తున్నా, ఇంకేం లేదు."

ఆయన వెళ్ళీ వెళ్ళకముందే డ్రైవరు వచ్చాడు. ఆయన కూడా చుట్టూ చూశాడు. తన చెవి ఎత్తులో గోడ మీద తట్టాడు. అది తమ్ముడి కన్నానికి బాగా కింద ఉంది.

"ఇక్కడ కాస్త ఖాళీ వదులు. అటు వాళ్ళ గోడ గడియారం చప్పుడు వినపడాలి. నాకు టైము తెలియదు."

తాపీ ఆయన చేతికున్న వాచీ వైపు చూసింది. ఆయన కూడా చూసుకున్నాడు. నెమ్మదిగా ఆ చేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇది ఆగిపోయింది" అన్నాడు. వాచీ టిక్కుటిక్కుమంటూనే ఉంది.

అప్పటిదాకా ఇసుక జల్లెడ పడుతున్న నిచ్చెన జల్లెడ వదిలేసి ఇసుక మీదే కూలబడింది. నవ్వడానికి ఊపిరి చాలక కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. ఆమెని లేపబోయిన సున్నం కూడా పక్కనే పడ్డాడు. తాపీ మొదట కోపంగా వాళ్ళ మీదికి వెళ్ళింది. "రెండ్రోజులుగా మట్టం చూసి చూసి నా మెడ పట్టేసింది. మీకు నవ్వులాటగా ఉందా? ఆ గోడ చూడండి, అది గోడలా..." అంటూ వెనక్కి తిరిగి తనే చూసింది. కింద గిన్నె సందు, పైన మొహం కిటికీ, ఇక ఇప్పుడు నోటికొకటి, చెవికొకటి. మాట మధ్యలోనే ఆమె నోరు వంకర తిరిగింది. కడుపు పట్టుకుని తనూ ఆ ఇసుకలో చతికిలపడింది. ఆ నవ్వుతో రెండ్రోజులుగా బిగుసుకుని ఉన్న భుజాలు ఒక్కసారి వదులయ్యాయి.

మర్నాడు ఆ కన్నాలు కూడా పెట్టాక మేస్త్రి వచ్చి గోడ ముందు నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు.

"ఇది గోడా, పావురాల గూడా?" అన్నాడు చివరికి.

"అడిగినవాళ్ళ పేర్లు చెప్పకూడదు మేస్త్రీ" అంది తాపీ.

"చెప్పక్కర్లేదు. కన్నం ఎత్తు చూస్తే తెలియడం లేదూ. కానీ తల్లీ, ఇన్ని కన్నాలు పెడితే గోడకి బలం ఉండదు. మాలు ఆరేదాకా దీని పక్కన ఎవరూ గట్టిగా తుమ్మకండి."

శిబిరం చివరి రోజు వచ్చింది. మధ్యాహ్నం తర్వాత సారు, శిబిరం పెద్దలు కలిసి ప్రతి ఇంటికీ వచ్చి చూస్తారని కబురు. గోడ రెండు వైపుల నుంచీ మంచం దాకా వచ్చి ఆగింది. ఇక మిగిలింది మంచం వెడల్పు ఖాళీ ఒక్కటే. అన్నదమ్ములిద్దరికీ ఆ రోజు సెలవు. చెరో వైపు నిలబడి చేతులు కట్టుకుని చూస్తున్నారు. కోడళ్ళిద్దరూ చూడనట్టు చూస్తున్నారు.

"మామ్మా, వచ్చేశాం" అంది తాపీ. "ఇప్పుడైనా లేవాలి మీరు."

"లేస్తా. నన్ను ఏ వైపు లాగుతారు?"

తాపీ సున్నం వైపు చూసింది. వాడు బుర్ర గోక్కున్నాడు. అంతలో డ్రైవరు ముందుకొచ్చి తలవైపు మంచం కోళ్ళు పట్టుకున్నాడు. "మా అమ్మ మా వైపే ఉంటుంది. ఈ నెల మాది." అది ఎవరితో అన్నాడో చెప్పలేం, ఎందుకంటే కప్పు వైపే చూస్తున్నాడు. కండక్టరు కాళ్ళవైపు కోళ్ళు పట్టుకున్నాడు. "నెల లెక్క వరదతో పోయింది. మళ్ళీ మొదలెడితే ఇటువైపు నుంచే" అన్నాడు నేలతో.

గోడకి పొద్దున్నే నీళ్ళు కొట్టడంతో నేలంతా తడిగా ఉంది. డ్రైవరు లాగాడు. మంచం సర్రున అటు జారింది. కండక్టరు లాగాడు. సర్రున ఇటు వచ్చింది. మామ్మ రెండు చేతులతో పట్టెలు పట్టుకుంది. ముందు కంగారుపడిన ఆవిడ మొహం రెండో జారుకి విప్పారింది.

"పోనీ, పోనీ" అంది.

"వద్దండీ, గోడ తడి మీద ఉంది" అని తాపీ అరుస్తూనే ఉంది. డ్రైవరు ఈసారి ఒళ్ళంతా వెనక్కి వేసి లాగాడు. మంచం వంకరగా తిరిగి, దాని మూల నేరుగా గోడ అంచు మీదికి పోతోంది. మంచంతో పాటే తిరిగిన డ్రైవరు వీపు గోడ వైపు ఉంది, ఆయనకి కనిపించదు. కండక్టరుకి కనిపించింది. ఒక చెయ్యి కోడు వదిలి మెడలో ఉన్న విజిల్ అందుకుంది. ఒక్కసారి, గట్టిగా ఊదాడు.

డ్రైవరు కాలు దానంతటదే లేచి నేలని తన్ని పెట్టింది. అన్నేళ్ళుగా ఆ ఒక్క ఊదుకి బ్రేకు తొక్కిన కాలది. మంచం అక్కడికక్కడే ఆగింది. తడి నేల మీద తొక్కిన కాలు మాత్రం ఆగలేదు. ఆయన జారి, వెనక్కి పడి, మొహం కిటికీ కింద గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు.

గోడ కొద్దిగా వంగింది. "ముందుకు దూకండి" అన్నాడు అప్పుడే గుమ్మంలోకి వచ్చిన మేస్త్రి. డ్రైవరు పాక్కుంటూ మంచం కిందికి దూరిపోయాడు. మిగిలినవాళ్ళు తలో గుమ్మంలోకి తప్పుకున్నారు. గోడ ఆలోచించుకుంటున్నట్టు కాసేపు నిలబడి, ఎవరూ లేని వైపుకి పైనుంచి ఒక్కొక్క వరసగా, తీరిగ్గా ఒరిగిపోయింది. ఆ అదురుకి మంచానికి అవతలి ముక్క కూడా దాని వెంటే పోయింది. తాపీ కట్టిన గోడ తాపీగానే కూలింది.

దుమ్ము అణగగానే కండక్టరు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కిందికి తొంగిచూశాడు.

"దెబ్బ తగిలిందా అన్నయ్యా?"

పెద్దకోడలు చిన్నకోడలి చెయ్యి పట్టుకుంది. డ్రైవరు మంచం కిందనుంచి తల బయటికి పెట్టాడు. జుట్టంతా మాలు.

"తగల్లేదు. నువ్వు విజిల్ వేశావు కదా." మాలు దులుపుకుంటూ, "ఆ రోజు కూడా మెడలో ఉండి ఉంటే..." అన్నాడు.

"ఆ రోజు నువ్వు కూడా అద్దంలో..."

ఇద్దరూ ఒకేసారి ఆగారు.

"చాలా తడిశావురా ఆ రోజు?" అన్నాడు డ్రైవరు.

"చెప్పుల్లో చేపలు పట్టుకోవచ్చు."

డ్రైవరు మొహం ముందు గట్టిగా బిగుసుకుంది. తర్వాత మీసం కదిలింది. తర్వాత మంచం అంతా కదలడం మొదలుపెట్టింది, ఎందుకంటే ఆయన నవ్వేది మంచం కిందనుంచి. పైన మామ్మ కూడా దాంతో పాటే ఊగింది.

"ఇంకోసారి లాగండ్రా" అంది ఆవిడ. "బాగుంది."

సారు, శిబిరం పెద్దలు గుమ్మంలోకి వచ్చేసరికి లోపల కనిపించింది ఇది: ఇటుకల కుప్ప, పగలబడి నవ్వుతున్న ఒక కుటుంబం, గోడకి ఆనుకోబోయి గోడ లేదని గుర్తొచ్చి నేల మీద కూర్చున్న నిచ్చెన, నెత్తి నిండా సిమెంటుతో ఒక డ్రైవరుగారు.

"గోడ ఏదీ?" అన్నారు సారు.

ప్రశ్న పూర్తయ్యేలోపు జవాబు చెప్పే పిల్ల మొదటిసారి ఆగింది. ఇటుకల వైపు చూసింది. రెండు చేతులూ పగుళ్ళతో నిండి ఉన్నాయి. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు.

"కట్టాం సార్. బాగానే కట్టాం. ఈ ఇంటికే సరిపడలేదు."

"అంటే?"

"మాకు గోడ వద్దండీ" అన్నాడు డ్రైవరు. "వాళ్ళకి కావాలేమోనని ఊరుకున్నాను."

"నేనూ అదే అనుకున్నా" అన్నాడు కండక్టరు.

"మమ్మల్ని అడిగితే వరద వచ్చిన రోజే చెప్పేవాళ్ళం" అంది పెద్దకోడలు. చిన్నకోడలు తల ఊపింది.

శిబిరం పెద్దల్లో ఒకాయన ఫోటో తీయడానికి కెమెరా ఎత్తి, దేన్ని తీయాలో తెలియక దించేశాడు. సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "బస్సు బయల్దేరడానికి ఇంకా టైముంది. ఈ ఇటుకలన్నీ ఇలా వదిలేసి వెళ్తామా?" అన్నారు.

తాపీ అప్పటికే వీధిలోకి వెళ్ళి, రెండు గుమ్మాలకీ మధ్య ఖాళీని అడుగులతో కొలుస్తోంది. "ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే అరుగు. ఒప్పుకుంటారా పిన్నీ?" అని కేక వేసింది. కోడళ్ళిద్దరూ ఒప్పుకోవడంతో ఆగకుండా ఇటుకలు మోయడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత ఆ వీధిలో చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. అన్న ఇటుక విసిరితే తమ్ముడు పట్టుకుంటున్నాడు. సున్నం మాలు మోస్తున్నాడు, ఈసారి ముప్పాతిక వంతు తట్టలోనే ఉంది. సారు ప్యాంటు మడిచి నీళ్ళు పోస్తున్నారు. మిగిలిన జట్ల వాళ్ళు కూడా పని ముగించుకుని వచ్చి చెయ్యి వేశారు. ఎవరో పాట ఎత్తుకున్నారు, గొంతులు లేకపోయినా అందరూ అందుకున్నారు. మామ్మని మంచంతో సహా మోసుకొచ్చి వీధిలో పెడితే, ఆవిడ అక్కణ్ణుంచి పెత్తనం చేసింది.

తాపీ ఎవరి మాటా వినలేదు. దారం, మట్టం, ఇటుక. చివరి ఇటుక పెట్టి, పైన నున్నగా సిమెంటు పూసి లేచి నిలబడింది. మేస్త్రి ఒక కన్ను మూసి అరుగు పొడుగునా చూశాడు. అటు నుంచి చూశాడు. ఇటు నుంచి చూశాడు. వంగి కింద నుంచి కూడా చూశాడు.

"ఏముంది?" అంది తాపీ.

"ఏమీ లేదు. అదే నా బాధ" అన్నాడు మేస్త్రి.

ఆమె పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. సరిగ్గా అప్పుడే బస్సు హారన్ కొట్టింది. తట్ట దించి "అమ్మయ్య" అంటూ సున్నం హాయిగా అరుగు మీద కూర్చున్నాడు.

ఇద్దరు పట్టుకుని లాగితే లేచాడు. నున్నటి తడి సిమెంటులో వాడి పిరుదుల అచ్చు గుండ్రంగా, లోతుగా, ఎంతో చక్కగా పడి ఉంది. తాపీ సిమెంటు పూసే గరిట పట్టుకుని దూకబోయింది.

"ముట్టుకోకు" అంది మామ్మ మంచం మీద నుంచి. "ఆరాక అది నా సీటు. దిండు పెట్టే పని కూడా లేదు."

బస్సు బయల్దేరింది. ప్యాంటు వెనక సిమెంటు గట్టిపడుతుండడంతో కూర్చునే యోగం లేక సున్నం దారంతా కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా వాడి వెనక నుంచి పెళుసుగా ఒక చప్పుడు. మొదటి మలుపులో నిచ్చెన తట్టుకుంది. రెండో మలుపులో తట్టుకోలేకపోయింది. మూడోదానికి తాపీకి వెక్కిళ్ళు పట్టుకున్నాయి. ముందు సీట్లో కునుకు తీస్తున్న సారు ఉలిక్కిపడి లేచి వెనక్కి తిరిగారు.

"ఏమైందర్రా, అంతలా నవ్వుతున్నారు?"

చెప్పడానికి ముగ్గురూ నోళ్ళు తెరిచారు. అంతలో ఇంకో మలుపు వచ్చింది.